పసుపు దీపము

గత వర్షాకాలములో ఒక మంగళవారము ఉదయమున మా అక్కను కూకట్‌పల్లినుండి గచ్చిబౌలిలోని ఆసుపత్రికి తీసికొనిపోవుచుండగా, సైబర్ టవర్స్ కూడలియొద్ద మా కారులో ఒక పసుపుపచ్చని దీపము వెలిగెను. ఇంజను బొమ్మగల చిన్న దీపమది. మా అక్కకు మూత్రపిండములు పనిచేయవు. వారమునకు మూడుమారులు డయాలసిస్ చేయింపవలెను. ఒక్కమారు తప్పినను కాళ్లు వాచి, ఆయాసము మొదలగును. కనుక ఆ దీపమును చూడగానే నా గుండె ఝల్లుమనెను. అక్క మాత్రము, "బొమ్మ ముద్దుగా ఉందిరా తమ్ముడూ" అనెను.

సైబర్ టవర్స్ 1998లో తెరువబడెను. నా చిన్నతనమున ఆ ప్రాంతమంతయు బండరాళ్లు, తుప్పలు. ఇప్పుడు ఉదయము తొమ్మిది గంటలకు అక్కడ కారు నిలిచిపోయినచో వెనుకనున్న హారనుల మ్రోతకు మనిషికి మతిపోవును. ఆ దినమున కారు నిలిచిపోలేదు గాని, ఇంజను మిస్సింగు కొట్టుచు, కుంటిగుఱ్ఱమువలె నడిచెను.

అది 2014లో తయారైన మూడు సిలిండర్ల పెట్రోలు కారు. మాదాపూరులో కంప్యూటరు ఉద్యోగము చేయు ఒక యువకునియొద్ద పాతదిగా కొంటిని. పల్లెలలో ఆయిలింజను మొరాయించినచో చెవితో విని, చేతితో తడిమి లోపము కనిపెట్టుట మీలో అనేకులకు తెలిసినదే. ఈ కార్లలో నట్లు కాదు. ఇంజనును కనిపెట్టి చూచుచుండు ఒక చిన్న కంప్యూటరు లోపల నుండును. పొగలో విషము ఎక్కువగునట్టి లోపమేదైన పుట్టినచో అది ఆ దీపమును వెలిగించి, ఒక సంకేతమును తనలో వ్రాసికొనును. అమెరికాలో 1996వ సంవత్సరపు కార్లనుండి ఈ యేర్పాటు తప్పనిసరియాయెను. మన దేశములో ఇట్టి పద్ధతి 2013 ఏప్రిలునుండి వచ్చెను. స్టీరింగు క్రింద పదహారు పిన్నుల సాకెట్టు ఒకటి యుండును. దానికి స్కానరు తగిలించినచో ఆ సంకేతము చదువవచ్చును.

ఆసుపత్రికి దగ్గరనున్న ఒక గ్యారేజీలో స్కానరు పెట్టగా రెండు సంకేతములు కనబడెను: పి0301, పి0420. 'పి' అనగా ఇంజను, గేరుబాక్సుల సంబంధమైనది. తరువాత సున్న యున్నచో అన్ని కంపెనీల కార్లకును ఒకటే అర్థము. ఆ తరువాతి 3 అనునది నిప్పురవ్వ వ్యవహారము, 4 అనునది పొగను శుభ్రపరచు సామగ్రి వ్యవహారము. అనగా ఒకటవ సిలిండరులో పెట్రోలు సరిగా మండుటలేదు. సైలెన్సరు గొట్టములోని కన్వర్టరు తన పని సరిగా చేయుటలేదు. గ్యారేజీవారు కన్వర్టరు మార్చవలెననియు, 45,000 రూపాయలగుననియు చెప్పిరి. ఆ సొమ్ము నాయొద్ద లేదు. ఉన్నది అక్క మందులకు.

అక్కడి పనివాడొకడు నా వెంట గేటువరకు వచ్చి, "రెండొందలియ్యండి సార్, లైటు తీసేస్త. ఎవరికన్న అమ్మేసుకోండి" అని చెవిలో చెప్పెను. మా అత్తవారి యూరి యువకుడొకడు ఈ కారు తనకిమ్మని అప్పటికే మూడుమారులు ఫోను చేసియుండెను. ఆ మాట నాకు అసహ్యమాయెనని వ్రాసినచో అబద్ధమగును. రెండు వందలిచ్చితిని. దీపము ఆరెను. సోమవారము వచ్చి చూచుకొమ్మని ఆ యువకునికి కబురుకూడ పంపితిని.

శనివారము అక్కతో మైండ్‌స్పేస్ దాటి ఎత్తునెక్కుచుండగా దీపము మరల వెలిగెను. ఈమారు నిలకడగా గాక, కన్ను కొట్టినట్లు వెలుగుచు ఆరుచుండెను. చదువరులారా, ఈ సంగతి జ్ఞాపకముంచుకొనుడి. నిలకడగా వెలిగినచో త్వరలో చూపించవలెనని అర్థము. కొట్టుకొనుచు వెలిగినచో మండని పెట్రోలు కన్వర్టరులోనికి పోయి అక్కడ మండి, దానిని కాల్చివేయుచున్నదని అర్థము. వెంటనే వేగము తగ్గించి, ప్రక్కకు తీసి ఆపవలెను. నేనును ఆపితిని. అక్కను ఆటో ఎక్కించి పంపి, రోడ్డు ప్రక్కను నిలుచుండి, సోమవారము వచ్చు ఆ యువకుని తలంచుకొంటిని. అతడు కారు కొని, పెండ్లాముబిడ్డలను ఎక్కించుకొని ఊరికి పోవుచుండగా ఈ దీపము వెలిగియున్నచో!

కొండాపురములో రేకుల షెడ్డులో పనిచేయు ఒక మెకానిక్కునొద్దకు కారును మెల్లగా తీసికొనిపోతిని. ముప్పది యేండ్లయిన నిండని పిల్లవాడు. "స్కానర్ ఒకటో సిలిండర్ అంటది అయ్యగారూ. ప్లగ్గా, కాయిలా, ఇంజెక్టరా అది చెప్పది. మనమే చూడాలె" అనెను. ఈ కారులో సిలిండరునకొక కాయిలు. అతడు ఒకటవ కాయిలును మూడవదానిపైనను, మూడవదానిని ఒకటవదానిపైనను పెట్టి, పాత సంకేతమును చెరిపివేసి, ఆ వీధిలోనే పావుగంట నడిపెను. మరల స్కానరు పెట్టగా పి0303 అని వచ్చెను. తప్పు కాయిలుతోకూడ మూడవ సిలిండరునకు పోయెను! ఇంత సులువైన పరీక్షను గ్యారేజీలో ఎందుకు చేయలేదో నాకు తెలియదు. క్రొత్త కాయిలుకు 1,800 రూపాయలు, కూలికి 300.

కన్వర్టరు మాటేమని అడిగితిని. దానికి ముందొకటి, వెనుకనొకటి సెన్సారులుండును. వెనుకటిది కూడ ముందటిదానివలెనే పైకి క్రిందికి ఊగినచో కన్వర్టరు చచ్చినదని కంప్యూటరు తలంచును. గొట్టము అతుకు కారి గాలి పీల్చినను అట్లే తలంచవచ్చును. "పది రోజులు నడిపి రండి, తొందరెందుకు" అనెను. పండ్రెండవ దినమున పి0420 మరల వచ్చెను. అతడు కారుక్రింద పండుకొని, అతుకుచుట్టు నల్లని మసి చారను నాకు చూపెను. కాలిపోయిన గ్యాస్కెట్టు మార్చెను. అంతయు కలిపి 3,000కు లోపలనే. ఆ తరువాత రెండు మాసములైనను దీపము రాలేదు. కన్వర్టరు కొంత కాలియే యుండుననియు, ఎన్నాళ్లు నిలుచునో చెప్పలేననియు అతడే అనెను.

అత్తవారి యూరి యువకుడు ముందు చెప్పిన సోమవారమే వచ్చియుండెను. నేను దీపము చెరిపించిన సంగతితో సహా అన్నియు చెప్పితిని. అతడు చాలసేపు మాటలాడలేదు. "మీరు కూడానా అయ్యగారూ" అని మాత్రమనెను. కాఫీ త్రాగి వెళ్లిపోయెను. తరువాత వేరొక కారు కొనెనని విన్నాను.

మీలో ఎవరైన పాత కారు కొనబోవుచున్నచో తాళము త్రిప్పి చూడుడి. ఇంజను పట్టకమునుపు ఆ దీపము వెలుగవలెను. పట్టిన పిమ్మట ఆరవలెను. అసలే వెలుగనిచో ఎవరో దానిని తెంపియుండవచ్చును. సంకేతములు క్రొత్తగా చెరిపినచో ఇంజను స్వయముగా చేసికొను పరీక్షలు ఇంకను ముగియలేదని స్కానరు చూపును. అదికూడ అడిగి చూపించుకొనుడి.

కారు మాయొద్దనే యున్నది. మంగళ, గురు, శనివారములు అక్క ముందుసీటులో కూర్చుండి, నేను తాళము త్రిప్పగనే ఆ బొమ్మవైపు వంగి చూచును. నిన్నకూడ అట్లే చూచి, "ఆరిందిరా, పద" అనెను.