నాదా, నీదా?

టెన్నిస్ గురించి ఈవిడకేం తెలుసని రాస్తోంది అనుకుంటున్నారు కదూ? నిజమే. ఇంటర్‌తో చదువాపి పెళ్ళి చేసుకున్నదాన్ని, రాకెట్టు చేత్తో పట్టుకుని ఎరగను. 2016లో మన హైదరాబాదమ్మాయి సానియా మీర్జా, మార్టినా హింగిస్‌తో కలిసి ఆడుతుంటే మా అమ్మాయి టీవీ ముందు నుంచి కదిలేది కాదు. కూరగాయల పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని నేనూ కూర్చునేదాన్ని. ఆ వేసవిలో ఇద్దరు ఫ్రెంచి పిల్లలు మన సానియా జంటని స్టుట్‌గార్ట్‌లో ఒకసారి, మాడ్రిడ్‌లో ఒకసారి, రెండుసార్లూ ఫైనల్లోనే ఓడించేశారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఎవరే ఈ పొడుగుపిల్ల?" అన్నాను.

"క్రిస్టినా మ్లదెనోవిచ్. పక్కనున్నది కరోలిన్ గార్సియా" అంది మా అమ్మాయి.

నోరు తిరగని పేరు. ఇంట్లో మేం క్రిస్టినా అనే అనుకునేవాళ్ళం. మొదట తిట్టుకుంటూ చూశాను. తర్వాత తర్వాత ఆ పిల్ల ఆట ఎప్పుడొస్తుందా అని నేనే అడగడం మొదలుపెట్టాను. నవ్వకండి.

సింగిల్స్ కంటే నాకు డబుల్స్ బాగా అర్థమయింది. ఎందుకంటే అది అచ్చం వంటింటి వ్యవహారం. ఒకామె వెనక నుంచి బంతి వేస్తుంది. రెండో ఆమె నెట్ దగ్గర వంగి నిలబడి, చెయ్యి వీపు వెనక్కి పెట్టి వేళ్ళతో సైగ చేస్తుంది. నేను ఇటు దూకుతాను, నువ్వు అటు చూసుకో అని. అవతలివాళ్ళకి ఆ చెయ్యి కనపడదు. పాయింటుకీ పాయింటుకీ మధ్య దగ్గరకొచ్చి, నోటికి బంతి అడ్డం పెట్టుకుని మాట్లాడుకుంటారు. అత్తగారు వింటుందేమోనని పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకునే తోడికోడళ్ళు నాకు గుర్తొచ్చేవారు. అన్నిటికన్నా చిక్కైన బంతి ఇద్దరి మధ్యలోంచి వచ్చేది. నాదా, నీదా? నీదేలే అని ఇద్దరూ ఊరుకుంటే పాయింటు పోయినట్టే. నాదే అని ఇద్దరూ ఉరికితే రాకెట్లు గుద్దుకుంటాయి.

మా తోడికోడలూ నేనూ తణుకులో ఒకే వంటింట్లో తొమ్మిదేళ్ళు వండాం. ఆవకాయ రోజుల్లో నేను కారం, ఆవపిండి, ఉప్పు కలుపుతుంటే తను ముక్కలు తుడిచి నూనెలో ముంచి అందించేది. మూడోరోజు జాడీ తిరగకలిపేదాకా ఒకరికొకరు చెప్పుకోవలసిన అవసరమే ఉండేది కాదు. మరిదిగారికి రాజమండ్రి బదిలీ అయ్యాక కూడా ప్రతి వేసవికీ వచ్చి ఒక చెయ్యి వేసేది. ఆ సంగతి మళ్ళీ చెప్తాను.

క్రిస్టినా 1993లో ఫ్రాన్సు ఉత్తరాన డంకర్క్ పక్కన ఉన్న సముద్రపు ఒడ్డు ఊళ్ళో పుట్టింది. తల్లిదండ్రులు యుగోస్లావియా నుంచి వచ్చినవాళ్ళు. తండ్రి హ్యాండ్‌బాల్, తల్లి వాలీబాల్ ఆడేవారు. 2009లో, పదహారేళ్ళకి, ఫ్రెంచ్ ఓపెన్ జూనియర్ టైటిల్ గెలిచింది. తనకంటే ఇరవై ఏళ్ళు పైన పెద్దవాడైన కెనడా ఆటగాడు డేనియల్ నెస్టర్‌తో కలిసి 2013లో వింబుల్డన్, 2014లో ఆస్ట్రేలియా మిక్స్‌డ్ డబుల్స్ గెలుచుకుంది. ఎవరి పక్కన నిలబెట్టినా ఇమిడిపోయే మనిషి అన్నమాట.

2016 జూన్‌లో గార్సియాతో కలిసి ఫ్రెంచ్ ఓపెన్ డబుల్స్ గెలిచింది. సొంత గడ్డమీద ఇద్దరూ ఫ్రెంచి ఆడపిల్లలే అయిన జంట ఆ కప్పు ఎత్తడం 1971 తర్వాత అదే మొదలు. అప్పుడు గెలిచినవాళ్ళు ఫ్రాన్స్‌వాజ్ దుర్, గేల్ షాన్‌ఫ్రో. నలభై అయిదేళ్ళంటే మాటలా చెప్పండి! ఇంకేముంది, పెళ్ళయిన కొత్తజంటలా ఊరంతా వీళ్ళ మాటే.

ఆ ఏడు నవంబరులో స్ట్రాస్‌బర్గ్‌లో చెక్ దేశంతో ఫెడ్ కప్ ఫైనల్ జరిగింది. క్రిస్టినా సింగిల్స్‌లో కరోలినా ప్లిస్కోవా మీద మూడు గంటల ముప్పావు పైన పోరాడి, ఆఖరి సెట్ 16-14 దాకా లాగి ఓడిపోయింది. రెండు దేశాలూ 2-2 సమానమయ్యాయి. తేల్చాల్సిన డబుల్స్‌లో కూడా మన జంట ఓడింది.

2017 వచ్చేసరికి గార్సియా ఇక సింగిల్సే ఆడుకుంటానంది. ఆ ఏడు దేశం జట్టుకీ రానంది. జట్టులో పేరు రాసేసరికి నడుం నొప్పి, రాలేనని కబురు పెట్టింది. ఆ కబురు చూసి జట్టులో మిగిలిన అమ్మాయిలు, క్రిస్టినా కూడా, అందరూ చూసేలా మూడంటే మూడు ఇంగ్లీషు అక్షరాలు రాశారు. ఎల్, ఓ, ఎల్. ఈకాలం పిల్లల భాషలో 'పకపకా నవ్వొస్తోంది' అని అర్థమట.

ఇదంతా మా అమ్మాయి నాకు చెప్పింది 2022 జూన్ మొదటి వారంలో. ఆవకాయకి కాయలు ఏరుకుంటూ వింటున్నాను. నా చేతిలో కాయ అలాగే ఉండిపోయింది.

ఎందుకో చెప్తాను. 2019లో మా మామగారి ఆబ్దికానికి మా తోడికోడలు రాలేదు. నడుం లేవడం లేదక్కా అని ఫోన్ చేసింది. సరేలే అన్నాను. పెట్టేశాక మా ఆడపడుచుతో, "మడి వంటనగానే మహారాణిగారికి నడుం నొప్పి పుట్టుకొచ్చింది" అని నవ్వాను. ఆవిడా నవ్వింది. ఆ నవ్వు రాజమండ్రి చేరడానికి రెండు రోజులు పట్టలేదు. తీరా చూస్తే వెన్నుపూస జరిగి నలభై రోజులు మంచం మీద ఉందట ఆ పిల్ల. తెలిశాక సిగ్గేసింది. కానీ ఫోన్ చెయ్యలేదు. పెద్దదాన్ని, నేనే ముందు చెయ్యాలా అనిపించింది. మూడేళ్ళు మా మధ్య మాటల్లేవు. పెళ్ళిళ్ళలో కలిస్తే చీరలు మెచ్చుకునేవాళ్ళం, అంతే.

గార్సియా పోయాక క్రిస్టినా సంగతి ఏమయిందో చూడండి. 2017 అక్టోబరుకి సింగిల్స్‌లో ప్రపంచంలో పదో స్థానానికి ఎక్కింది. విచిత్రం ఏమిటంటే, ఆ ఏడు ఆగస్టు నుంచి 2018 మొదలుదాకా సింగిల్స్‌లో వరసగా పదిహేను మ్యాచ్‌లు ఓడిపోయింది. పదిహేను! ఆ ఓటముల మధ్యలోనే హంగరీ అమ్మాయి తిమియా బాబోస్‌తో కలిసి 2018 ఆస్ట్రేలియా ఓపెన్ డబుల్స్ గెలిచింది. ఒంటరిగా కోర్టులో నిలబడితే కాళ్ళు తడబడే మనిషి, పక్కన ఇంకో మనిషి ఉంటే పులి అయ్యేది. బాబోస్‌తోనే 2019, 2020 ఫ్రెంచ్ ఓపెన్లూ 2020 ఆస్ట్రేలియా ఓపెనూ గెలిచింది. 2019 జూన్‌లో డబుల్స్‌లో ప్రపంచంలో మొదటి స్థానం. 2020 అమెరికా ఓపెన్‌లో మాత్రం కరోనా సోకిన ఆటగాడితో కలిసి తిరిగిందని టోర్నీ మధ్యలో జంటగా బయటికి పంపేశారు. డబ్బు సంగతి అడుగుతారా? 2022 ఫ్రెంచ్ ఓపెన్‌లో సింగిల్స్ గెలిచినామెకి 22 లక్షల యూరోలు. డబుల్స్ జంటకి 5 లక్షల 80 వేలు, అదీ ఇద్దరూ పంచుకోవాలి. జంటపనికి ఎక్కడైనా కూలి తక్కువే!

గార్సియాతో మళ్ళీ కలిసింది 2019 ఏప్రిల్‌లో, రుమేనియాతో సెమీఫైనల్లో. గెలిచారు. నవంబరులో ఫైనల్ ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో. మొదటిరోజు గార్సియా ఆష్లీ బార్టీ చేతిలో 6-0, 6-0తో ఓడింది. ఒక్క గేమ్ కూడా రాలేదు. మర్నాడు అదే బార్టీని, అప్పటికి ప్రపంచంలో మొదటి స్థానంలో ఉన్న ఆ అమ్మాయిని, క్రిస్టినా సింగిల్స్‌లో ఓడించింది. మళ్ళీ 2-2. మళ్ళీ డబుల్సే తేల్చాలి, అచ్చం స్ట్రాస్‌బర్గ్‌లోలాగే. ముందురోజు అంతగా దెబ్బతిన్న గార్సియానే క్రిస్టినా పక్కన నిలబెట్టారు. 6-4, 6-3తో గెలిచారు. 2003 తర్వాత ఫ్రాన్సుకి ఆ కప్పు అదే.

ఆ రోజు గార్సియా ముందు బంతి ఏ చూపుతో అందుకుందో, క్రిస్టినా ఆమెకి ఏం చెప్పిందో నాకు తెలీదు. బంతి అడ్డం పెట్టుకునే కదా మాట్లాడుకుంటారు.

2022 జూన్ 5, ఆదివారం. ఫ్రెంచ్ ఓపెన్ డబుల్స్ ఫైనల్. ఇద్దరికీ వైల్డ్‌కార్డ్ ఇచ్చి ఆడనిచ్చారు. అవతల అమెరికా పిల్లలు కోకో గాఫ్, జెస్సికా పెగులా. మొదటి సెట్ 2-6తో పోయింది. "అయిపోయిందమ్మా, లేచి కాయలు కడుగు" అంది మా అమ్మాయి. నేను లేవలేదు. నెట్ దగ్గర క్రిస్టినా వీపు వెనక వేళ్ళే చూస్తున్నాను. రెండో సెట్ 6-3. మూడోది 6-2. గెలిచేశారు. క్రిస్టినాకి అది ఆడవాళ్ళ డబుల్స్‌లో ఆరో గ్రాండ్‌స్లామ్.

టీవీ కట్టేసి పెరట్లోకి వెళ్ళి రాజమండ్రికి ఫోన్ చేశాను. నాలుగుసార్లు మోగింది. ఎత్తింది. నేను ఏమనాలో ముందే కూడబలుక్కున్నాను, ఒక్కటీ గుర్తు రాలేదు.

"నీ నడుం ఎలా ఉందే?" అన్నాను.

అవతల చాలాసేపు మాట లేదు. పెట్టేసిందనే అనుకున్నాను.

"ముక్కలు కొట్టించేశావా అక్కా?" అంది.

"లేదు, కాయలు కడగాలి."

"పొద్దున్న పాసింజరుకి వస్తాను. నువ్వు కారం కలిపి ఉంచు. ఉప్పు మాత్రం నేనొచ్చాక వెయ్యి, నీ చేత్తో ఎప్పుడూ ఎక్కువే పడుతుంది."