మోషేకు తోడుగా అహరోను



నిర్గమకాండము 4వ అధ్యాయంలో మోషే తనకు మాట సరిగా రాదని దేవునితోనే చెప్పుకున్నాడు. దేవుడు అతణ్ణి పని నుండి తప్పించలేదు, అహరోనును తోడిచ్చాడు.

పలాస జీడి ఫ్యాక్టరీలోనో, టెక్కలి ఆఫీసులోనో ఆటిజం, డిస్లెక్సియా ఉన్న మన బిడ్డ "చప్పుడు తక్కువున్న చోట కూర్చోనివ్వండి", "పని ఒక్కొక్కటిగా చెప్పండి" అని అడిగితే అది సణుగుడు కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఈ రెంటినీ గుర్తించింది. ప్రభుత్వ కార్యాలయాలు తగిన సదుపాయం కల్పించాలంది. ప్రైవేటు యజమానిని అడగడానికే భయం. అక్కడ మేమూ వెంట వస్తాం.

అయితే ఒకటి గుర్తుంచుకుందాం. అహరోను పలికిన మాటలు మోషే అందించినవే. బిడ్డను అడగకుండా వాని తరఫున మనం మాట్లాడకూడదు.

ప్రభువు మనకు వినే చెవులు ఇచ్చును గాక. ఆమేన్.