సీసా మీది ముక్కోణం

మా ఊరు కర్ఖేలి. నాందేడ్ జిల్లాలో ధర్మాబాద్‌కూ ఉమ్రీకీ నడుమ ఉన్న చిన్న రైలు స్టేషను. 1956 దాకా మేము హైదరాబాద్ రాష్ట్రం వాళ్ళం. తరువాత బొంబాయి రాష్ట్రం, 1960 నుంచి మహారాష్ట్ర. సరిహద్దులు మారాయి గాని వియ్యాలు మారలేదు. మా అమ్మ నిజామాబాద్ వైపు ఆడపడుచు, తెలుగు బడిలో ఏడో తరగతి దాకా చదువుకుంది. మా అన్నయ్య కొడుకు మరాఠీ బడిలో చదువుతున్నాడు. ఇంట్లో అందరం మాట్లాడేది తెలుగే. చదవడం దగ్గరికి వచ్చేసరికి మాత్రం అమ్మకు మరాఠీ రాదు, వాడికి తెలుగు రాదు.

పెళ్ళిపత్రికలకు దీనివల్ల ఇబ్బంది లేదు. ఒకరు చదివితే ఇంకొకరు వింటారు. పత్తికీ సోయాకూ కొట్టే పురుగుమందు దగ్గరే అసలు చిక్కు. ధర్మాబాద్‌లో కొన్న సీసా మీద మరాఠీ, నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన సీసా మీద తెలుగు. రెండూ పక్కపక్కనే ఉంటాయి. 1971 నాటి క్రిమిసంహారక మందుల నియమాల ప్రకారం, సరుకు అమ్మే ప్రాంతంలో వాడుకలో ఉన్న ఒకటి రెండు భాషల్లో కూడా లేబుల్ ముద్రించాలి. నియమం మంచిదే. కాని సీసా సంచిలో కూర్చుని సరిహద్దు దాటితే ఆ అక్షరాలు మూగబోతాయి.

ఈ నియమాల వెనక పెద్ద విషాదమే ఉంది. 1958లో కేరళలో, రవాణాలో పారథియాన్ అనే పురుగుమందు అంటుకున్న గోధుమపిండి తిని 100 మందికి పైగా చనిపోయారు. ఆ తరువాత విచారణ సంఘం వేశారు, 1968లో చట్టం వచ్చింది. లేబుల్ మీద వజ్రం ఆకారపు గుర్తు అలా పుట్టిందే. దాని కింది సగం ముక్కోణంలో రంగు ఉంటుంది. ఎరుపు అన్నిటికంటే తీవ్రమైన విషం. తరువాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ప్రయోగశాలలో జంతువుల శరీర బరువు కిలోకు 50 మిల్లీగ్రాముల లోపే సగం జంతువులను చంపగలిగితే ఎరుపు, 500 లోపు పసుపు, 5000 లోపు నీలం, ఆపైన ఆకుపచ్చ.

చదువు రానివాళ్ళకూ అర్థమయ్యే ఏర్పాటే అనుకుంటాం. ఒకసారి మా అమ్మ పసుపు గుర్తు సీసా చూసి, "దీని మీద పుర్రె లేదు గదా, అంత విషం కాదేమో" అంది. ఆమె అనుమానం సహజమే. పుర్రె, ఎముకల బొమ్మ ఎరుపుకే ఉంటుంది. పసుపు మీద 'విషం' అన్న మాట మాత్రమే ఉంటుంది. ఆ లిపి రానివాళ్ళకు ఆ మాట లేనట్టే. ఇక ఆకుపచ్చ అంటే, రోడ్డు మీద దీపం చూసిన అలవాటుతో, భయం లేదనుకుంటారు. అక్కడ రాసేది 'జాగ్రత్త' అని.

ఆ రోజు అమ్మనూ మనవణ్ణీ కూర్చోబెట్టి సీసాలన్నీ చూపించాను. వాడు నీలం గుర్తు సీసా మీద మాట కూడబలుక్కుని "ధోకా" అని చదివాడు. అమ్మ వెంటనే, "ఢోకా లేదు అంటాం గదరా, ఆ ఢోకానే!" అంది. ఇద్దరూ నవ్వారు. సాయంత్రానికి వాడు తెలుగులో విషం, ప్రమాదం, జాగ్రత్త అనే మూడు మాటలు రాయడం నేర్చుకున్నాడు. అమ్మ మరాఠీలో ఆ మూడూ గుర్తుపట్టడం నేర్చుకుంది.

మందును కూల్‌డ్రింకు సీసాలో పోసి పంచుకునే అలవాటు మా వైపు ఇంకా పోలేదు. మందు మారదు, గుర్తు మాత్రం పోతుంది. పక్కింటివాళ్ళు అలా ఇచ్చినదాన్ని అమ్మ ఇప్పుడు ఇంట్లోకి రానివ్వదు. 2017లో మా పక్క యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ 20 మంది దాకా చనిపోయారు. అప్పటినుంచి ఆమెకు ఎవరూ నచ్చజెప్పనక్కరలేదు.

రైల్లో చుట్టాల ఇంటికి వెళ్ళేవాళ్ళం గనుక ఇంకొక మాట. 1989 నాటి రైల్వే చట్టంలోని 67వ సెక్షను ప్రకారం ప్రమాదకరమైన సరుకును ముందుగా రాతపూర్వకంగా తెలియజేయకుండా, మూట పైన దాని స్వభావం స్పష్టంగా రాయకుండా తీసుకువెళ్ళకూడదు. తప్పితే మూడేళ్ళ దాకా జైలు పడవచ్చు. 2023 ఆగస్టులో మదురైలో ఒక యాత్రికుల పెట్టెలో దొంగచాటుగా తెచ్చిన గ్యాస్ సిలిండరు అంటుకుని 9 మంది పోయారు. రోడ్డు మీద వెళ్ళే పెట్రోలు ట్యాంకరు సయితం రెండు పక్కలా, వెనకా పలక కట్టుకుని పోవాలి. దాని మీద 1203 అని ఉంటుంది. ఆ అంకెకు ప్రపంచమంతటా ఒకటే అర్థం, పెట్రోలు. మన ఇంటి సీసాకు అలాంటి అంకె లేదు. దానికి ఇంట్లోవాళ్ళ చదువే దిక్కు.

సూరత్‌లో, భిలాయిలో, షోలాపూర్‌లో ఉన్న మన తెలుగు కుటుంబాల్లోనూ పెద్దలది ఒక లిపి, పిల్లలది ఒక లిపి. పొలం లేకపోయినా స్నానాలగది కడిగే యాసిడ్ ఉంటుంది, బొద్దింకల మందు ఉంటుంది. పిల్లలకు తెలుగు నేర్పాలని సభల్లో తీర్మానాలు చేసుకుంటాం. పద్యాలతో పాటు ఈ మూడు మాటలు కూడా నేర్పుదాం. వాళ్ళ బడి భాషలో అవే మూడు మాటలు ఇంట్లోని పెద్దవాళ్ళకూ చూపించమందాం.