మా ఊరి పాత టాకీసు

గుంతకల్లు నుంచి బెంగుళూరు పోయే రైలు దారిలో ధర్మవరం, పెనుకొండ, హిందూపురం వరసగా వస్తాయి. ధర్మవరం అనగానే పట్టుచీరలు గుర్తుకు వస్తాయి. పెనుకొండ అనగానే కోట గుర్తుకు వస్తుంది. 1565లో తళ్ళికోట యుద్ధం జరిగిన తరవాత విజయనగర రాజులు తమ రాజధానిని అక్కడికి మార్చుకున్నారు. హిందూపురానికి దగ్గరలోనే లేపాక్షి ఉన్నది. ఈ చోట్ల రాళ్ళ మీద శాసనాలు ఉన్నాయి. అందుచేత ఎవరు ఏమి కట్టించారో, ఎవరు ఏమి దానమిచ్చారో ఈనాటికీ చదువుకోగలుగుతున్నాం.

ఈ ఊళ్ళలోనే మరొక రకం కట్టడాలున్నాయి. వాటికి శాసనాలు లేవు. రేకుల కప్పు, వెలిసిన గోడలు, తుప్పు పట్టిన గేటు, గేటు పక్కన చెయ్యి మాత్రమే దూరేటంత కిటికీ—ఇవీ వాటి గుర్తులు. అవి పాత సినిమా టాకీసులు. మూడు తరాలవాళ్ళు వాటిలో నవ్వారు, ఏడ్చారు, ఈలలు వేశారు. నేను హిందూపురంలో హెడ్మాస్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. క్లాసులో విజయనగర చరిత్ర ఎన్నోసార్లు చెప్పాను. ఇవాళ మీకు టాకీసు చరిత్ర చెబుతాను.

మన దేశంలో మొట్టమొదట సినిమా బొమ్మలు చూపినది 1896 జూలై 7న, బొంబాయిలో, వాట్సన్ హోటల్లో. అవి ఫ్రాన్సు దేశపు లూమియేర్ సోదరులు తీసిన బొమ్మలు. తెలుగువాళ్ళలో ఈ పనికి పూనుకున్న మొదటివారిలో రఘుపతి వెంకయ్యగారు ముఖ్యుడు. ఆయన బందరులో పుట్టి, మద్రాసులో ఫోటోగ్రాఫరుగా స్థిరపడ్డాడు. విదేశాల నుంచి యంత్రం తెప్పించి, ఊరూరా తిరిగి బొమ్మలు చూపించాడు. తరవాత మద్రాసులో గెయిటీ అనే సినిమాహాలు కట్టించాడు. 1921లో బెజవాడలో మారుతీ టాకీసు వెలిసింది. ఆ రోజుల్లో బొమ్మలకు మాటలు లేవు. 1932లో "భక్త ప్రహ్లాద" వచ్చి, తెర మీది బొమ్మ తెలుగులో మాట్లాడింది. మాట్లాడే బొమ్మ గనక టాకీ. అది ఆడే చోటు టాకీసు. ఆ మాట ఇప్పటికీ మన నోళ్ళలో మిగిలి ఉన్నది.

పెద్ద పట్టణాలలో హాళ్ళు లేచినా, చిన్న ఊళ్ళకు మాత్రం సినిమా డేరాలలోనే వచ్చేది. వాటిని టూరింగు టాకీసులనేవారు. డేరాలో సాధారణంగా ఒకే యంత్రం ఉండేది. ఒక చుట్ట అయిపోయి రెండోది ఎక్కించేదాకా ఆట ఆగిపోయేది. ఆ సందులో సోడాలవాడు, వేరుసెనక్కాయలవాడు వ్యాపారం చేసుకునేవారు. కొన్నాళ్ళకు డేరాల స్థానంలో గోడలూ, రేకులూ వచ్చాయి.

ఇక్కడ మీకొక చమత్కారం చెప్పాలి. సినిమా వ్యాపారస్థులు మన రాయలసీమను నేటికీ "సీడెడ్" అంటారు. సీడెడ్ అంటే వదిలి ఇచ్చినది అని అర్థం. 1800 సంవత్సరంలో నిజాం నవాబు బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలనూ, కర్నూలులో కొంత భాగాన్నీ ఈస్టిండియా కంపెనీకి వదిలి ఇచ్చాడు. నవాబూ పోయాడు, కంపెనీ పోయింది, తెల్లదొరలు కూడా పోయారు. ఆ పేరు మాత్రం సినిమావాళ్ళ లెక్కల పుస్తకాలలో బతికే ఉన్నది!

మా చిన్నతనంలో టాకీసులో మూడు తరగతులుండేవి: నేల, బెంచీ, కుర్చీ. నేల అంటే నిజంగా నేలే. పిల్లలు ముందుగా పరుగెత్తిపోయి ఇసకను కుప్పగా చేసుకుని, దాని మీద ఎత్తుగా కూర్చునేవారు, వెనకవాళ్ళు అరిచేవారు. సంతకు వచ్చిన రైతులు, జట్కావాళ్ళు, కూరలమ్మే ఆడవాళ్ళు, మగ్గం గుంటలో పగలంతా కూర్చున్న నేతగాళ్ళు, అందరూ ఆ కప్పు కిందికే వచ్చేవారు. టికెట్లలో తేడా ఉన్నా, దీపాలు ఆరిపోయాక నవ్వులో తేడా ఉండేది కాదు. 1957లో విడుదలైన "మాయాబజార్" ఎన్నో ఏళ్ళ తరవాత కూడా మళ్ళీ మళ్ళీ వచ్చేది. ఘటోత్కచుడు విందు ఆరగించేటప్పుడు హాలంతా ఒక్క గొంతుతో నవ్వేది. ఆ సినిమా తీసిన కె.వి. రెడ్డిగారు మన తాడిపత్రివాడేనని చెప్పుకుని పెద్దలు మురిసిపోయేవారు.

ఇక సినిమా ఆడే సంగతి చూద్దాం. సినిమాలో కదిలే బొమ్మ ఒక్కటీ లేదు! ఫిలిం మీద ఉన్నవన్నీ కదలని ఫోటోలే. క్షణానికి, అంటే సెకండుకు, 24 ఫోటోలు యంత్రం కిటికీ ముందుకు వచ్చి నిలబడతాయి. ఒకటి తప్పుకుని మరొకటి వచ్చేలోపల తిరిగే రేకు ఒకటి అడ్డుపడి వెలుతురును ఆపుతుంది. మన కన్నూ, మెదడూ కలిసి ఆ ఫోటోలను ఒకే కదలికగా చేసుకుంటాయి.

లెక్కలంటే ఇష్టమున్నవాళ్ళు పలక తీయండి. మూడుగంటల సినిమాకు 180 నిమిషాలు. నిమిషానికి 1,440 ఫోటోలు. మొత్తం 2,59,200! ఒక్క అడుగు ఫిలింలో 16 ఫోటోలు పడతాయి. అంటే ఫిలిం పొడవు 16,200 అడుగులు, దాదాపు 5 కిలోమీటర్లు. వెయ్యి అడుగుల చుట్ట సుమారు 11 నిమిషాలు ఆడుతుంది. ఈ చుట్టలన్నీ ఇనపపెట్టెలలో రైలెక్కి వచ్చేవి. పెట్టె రాకపోతే ఆట లేదు.

ఈ యంత్రం నడిపే మనిషిని ఆపరేటరంటారు. నేను రిటైరైన తరవాత, మా వీధి పిల్లలు పదిమందిని వెంటబెట్టుకుని, మూతపడిన ఒక టాకీసు చూడబోయాను. అక్కడ పూర్వం పనిచేసిన ఆపరేటరు, డెబ్భై దాటినవాడు, మాకోసం వచ్చి క్యాబిను తలుపు తీశాడు. లోపల రెండు యంత్రాలు దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. పాతకాలపు ఫిలిం ఇట్టే అంటుకునేది గనక, క్యాబిను కిటికీలకు ఇనపరేకు మూతలు కూడా ఉన్నాయి.

"ఇందులో బల్బు లేదేం, తాతా?" అని ఒక అమ్మాయి అడిగింది.

"బల్బు కాదమ్మా. రెండు కార్బన్ కడ్డీలు ఎదురెదురుగా పెట్టి కరెంటు ఇస్తే, మధ్య సందులో మంట పుడుతుంది. దాని వెలుగే తెర దాకా పోయేది. కడ్డీలు కాలి తరిగిపోతాయి గదా! సందు పెరగకుండా కనిపెట్టుకుని ఉండాలి," అన్నాడతను. తెర మీద కుడివేపు పైమూల ఒక చుక్క కనిపించగానే రెండో యంత్రం తిప్పాలనీ, మరొక చుక్కకు వెలుతురు మార్చాలనీ చెప్పాడు. ఆ రెండు చుక్కలకూ నడుమ ఉండేది ఏడు సెకండ్లే.

"నువ్వు ఆడించినవాటిలో నీకు ఏ సినిమా నచ్చింది?" అన్నది ఆ పిల్ల.

అతను నవ్వి, "మొదటినుంచి చివరిదాకా ఒక్కటైనా చూశానా, తల్లీ! నేను చూసింది మంటను. కథలన్నీ చెవులతో విన్నవే," అన్నాడు.

పిల్లలు మరి మాట్లాడలేదు. వేలమందికి సినిమా చూపించినవాడు తాను చూడలేదన్న సంగతి నాకు కూడా అప్పటిదాకా తట్టలేదు.

ఆ టాకీసులు ఎందుకు పాడుపడ్డాయంటే, కారణం ఒక్కటి కాదు. ముందు టెలివిజను, వీడియో క్యాసెట్లు వచ్చాయి. 2010 తరవాత నాలుగైదేళ్ళలో ఫిలిం చుట్టలే మాయమై, వాటి స్థానంలో డిజిటల్ యంత్రాలు వచ్చాయి. వాటిని కొనగలిగిన హాళ్ళు నిలిచాయి, కొనలేనివి మూతపడ్డాయి. 2020లో కరోనా వచ్చి అన్ని హాళ్ళనూ నెలల తరబడి మూయించింది. ఇప్పుడు సినిమా అరచేతిలోని ఫోనులోకే వచ్చింది. ఊరి నడుమ ఉన్న స్థలం విలువ టికెట్ల ఆదాయాన్ని మించిపోతే, యజమాని మాత్రం ఏం చేస్తాడు? కొన్నిచోట్ల కళ్యాణమండపాలు లేచాయి. మేము చూసిన యంత్రాలు కూడా తూకానికి పోయాయని తరవాత తెలిసింది.

గోడలు నిలపడం మన చేతిలో లేకపోవచ్చు. చరిత్ర నిలపడం మాత్రం మన చేతిలోనే ఉన్నది. ఈ సెలవుల్లో ఒక నోటుపుస్తకం తీసుకోండి. మీ ఊళ్ళో టికెట్లు చింపినవారిని, పోస్టర్లు అంటించినవారిని, సోడాలు అమ్మినవారిని, యంత్రం నడిపినవారిని వెతికి పట్టుకోండి. ఎప్పుడు కట్టారు? మొదటి ఆట ఏది? నేల టికెట్టు ఎంత? రెండో ఆట వదిలాక పల్లెలవాళ్ళు ఇళ్ళకు ఎలా పోయేవారు? ఒక్కొక్కటే అడిగి, చెప్పినవారి మాటల్లోనే, తేదీ వేసి రాసుకోండి. అమ్మానాన్నలు కూడా తమ జ్ఞాపకాలు చెప్పి సాయం చేయవచ్చు.

లేపాక్షి రాతి మీద చెక్కినవారికి ఉలి కావలసి వచ్చింది. మీకు పెన్సిలు చాలు. అయితే ఆలస్యం చేయకండి. చెప్పగలవారు చాలా పెద్దవాళ్ళయిపోయారు.