వండినచేతి లెక్క

ఇంటివారి ఆరోగ్యమునకు మూలము వంటయిల్లని మన పెద్దలు చెప్పుచు వచ్చిరి. ఆ మాటనే నేడు వైద్యులు మరియొక రీతిగా చెప్పుచున్నారు. నడుము చుట్టుకొలత పెరుగుట, రక్తపుపోటు హెచ్చుట, పరగడుపున రక్తములో చక్కెర అధికమగుట, ట్రైగ్లిజరైడులను క్రొవ్వు పెరుగుట, మేలుచేయు కొలెస్టరాలు తగ్గుట - ఈ యైదు గుర్తులలో మూడున్నచో దానిని మెటబాలిక్ సిండ్రోమ్ అందురు. ఇది నొప్పి పెట్టదు, మంచము పట్టించదు. మధుమేహమునకును గుండెజబ్బునకును మెల్లగా త్రోవతీయును. ఆహారనియమము, వ్యాయామము దీనికి మొదటి చికిత్సలు.

మా బావగారికి ఈ సంగతి తెలిపిన వైద్యుడు, భోజనపు లెక్క వ్రాసికొనుటకు సెల్‌ఫోనులో ఒక యాప్ పెట్టుకొమ్మని సలహా యిచ్చెను. బావగారు తినువారే కాని వండువారు కారు. అందుచేత ఆ లెక్క తోడికోడండ్రమైన మా యిద్దరి పాలబడినది.

అన్నము ఎన్ని గ్రాములు తింటిరని అది అడుగును. మన యింట అన్నమునకు కొలత హస్తమే కాని గ్రాము కాదు. రొట్టెముక్కల పేర్లు అందులో కొల్లలుగా నున్నవి. గోంగూరపచ్చడి, దిబ్బరొట్టె వెదకినను కానరాలేదు. పైగా అయిదుగురికి ఒక్క గిన్నెలో కాచిన పులుసులోని నూనె యెవరి కంచములో నెంత పడినదో యెవరు చెప్పగలరు? పది దినములు గడచినపిమ్మట బావగారు, "ఇది నన్నడుగుటయేల? వండినవారినే అడుగరాదా?" అనిరి. పరిహాసమునకే యనినను ఆ మాటలో సత్యమున్నది.

ఇట్టి సాధనములను రూపొందించువారు ఆ మాట వినవలెనని మా కోరిక. ఉప్పు సంగతి చూడుడు. పెద్దవారికి దినమునకు 5 గ్రాములకు లోపుగా నుండవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. ఆ లెక్కను అయిదుగురు పెద్దలున్న యింట కిలో పొట్లము 40 దినములకు తక్కువ కాక రావలెను. ఆవకాయలోని ఉప్పు, అప్పడములలోని ఉప్పు ఇందులోనివే. పొట్లము విప్పిన తేదీ, ముగిసిన తేదీ గోడమీది క్యాలెండరులో వ్రాసితిమి. మొదటి పొట్లము 26 దినములకే యడుగంటినది. ఇప్పుడు 35 దినములు వచ్చుచున్నది. నూనెకును ఇదే పద్ధతి. ఇందుకు కంచములు తూచ నక్కరలేదు.

ఆధారములు లేవని యనుటకు వీలులేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికలలో మన దేశపు ఆహారపదార్థములు 528 కలవు. 2019లో ఆ సంస్థయే 'న్యూట్రిఫై ఇండియా నౌ' అను యాప్‌ను వెలువరించినది. 2024 నాటి దాని సూచనలలో కంచమున సగము కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండవలెనని యున్నది. సగమును చూచుటకు కన్నులు చాలును. కావలసినదెల్ల ఈ జ్ఞానము గరిటెల కొలతలోనికి దిగి, చదువురాని అత్తగారికి కూడ తెలియునట్లు తెలుగున పలుకుటయే.

సంక్రాంతినాడు అరిసె తిన్నందుకు ఎఱ్ఱరంగు చూపి గద్దించినచో, మరునాడు దాని మొగము చూచువారెవరు? దానికి బదులు, రేపు అన్నములో ఒక హస్తము తగ్గించి కూర ఒక గరిటె పెంచుడని చెప్పిన నయముగా నుండును. చక్కెర తగ్గించు మందులు వాడువారు మాత్రము వైద్యునడుగక ఇట్టి మార్పు చేయరాదని కూడ అది హెచ్చరింపవలెను.

అన్నింటికంటె ముఖ్యమైనది వేరొకటి కలదు. మూడు నెలలు బావగారి భోజనము లెక్క వ్రాసిన మా అక్కయ్య తన భోజనము ఒక్కపూటయు వ్రాసికొనలేదు. అందరి పిమ్మట కూర్చుండి, మిగిలిన అన్నము పారవేయ మనసొప్పక తినుట ఆమె వాడుక. ఆ తిండికి యాప్‌లో గడి లేదు. ఒకనాడు బలవంతముగా ఆమె నడుము కొలిచితిమి. మన దేశపు స్త్రీలకు 80 సెంటీమీటర్లు, పురుషులకు 90 దాటరాదందురు. ఆమెకు 91 వచ్చెను. రక్తపరీక్ష చేయింపగా మరి రెండు గుర్తులు బయటపడినవి. బావగారి మందుబిళ్లల ప్రక్కన ఇప్పుడామె కాగితములు కూడ ఉన్నవి. ఆమె కంచము పదకొండు గంటలకే వడ్డించుట మా పని యైనది.

సోదరీమణులారా, యాప్‌లు చేయువారు మనలను తలచునంతవరకు వేచియుండ నక్కరలేదు. కుట్టుపెట్టెలోని టేపు తీసి, చివరి ప్రక్కటెముకకును తుంటియెముకకును నడుమ, ఊపిరి మామూలుగా విడిచిన పిమ్మట కొలిచి చూచుకొనుడు. ఇంటివారి కొలతలన్నియు వ్రాయుడు. మొదటి పంక్తిలో మాత్రము మీ పేరుండనిండు.