ఈశాన్యం మూల చలి

ఖరగ్‌పూర్‌లో తెలుగువాళ్లం చాలామందిమి రైల్వే పుణ్యమా అని ఇక్కడికి చేరినవాళ్లమే (మాటవరసకి అన్నాను, పుణ్యం మీద నాకు నమ్మకం లేదు!). మా తాత శ్రీకాకుళం నుంచి బెంగాల్ నాగపూర్ రైల్వే పనికి వచ్చాడు. ఇన్నాళ్లకి మేం క్వార్టరు వదిలి సొంత ఇల్లు కట్టుకున్నాం.

టొరంటోలో ఉన్న మా తమ్ముడి ఇంట్లో టైల్స్ కింద వేడి తీగలున్నాయి. ఒక చలికాలం అక్కడ గడిపిన అమ్మకి ఆ వెచ్చదనం మరపు రాలేదు. మా ఇంట్లో జనవరి తెల్లవారుజామున ఈశాన్యం గదిలో కాలు పెట్టగానే "ఏటిరా ఈ గచ్చు, మంచుగడ్డలాగుంది" అంటుంది. పైగా మోకాళ్ల నొప్పులు. ఇది తెలిసి ఒక వాస్తు పండితుడు వచ్చాడు. ఈశాన్యం ఎత్తయిందట, చలీ నొప్పులూ అందుకేనట. గచ్చు తవ్వి రెండంగుళాలు దించాలి, ఖర్చు నలభై వేలు!

నేను థర్మామీటరు తెచ్చాను. హాల్లో టైలు 19 డిగ్రీలు, ఈశాన్యంలో 18. చలికాలం సూర్యుడు దక్షిణంగా తిరుగుతాడు కాబట్టి ఉత్తరపు గదికి ఎండ రాదు, ఆ ఒక్క డిగ్రీ తేడా అందుకే. అదే మూలలో రాత్రంతా పరిచి ఉంచిన బొంత కూడా 18 డిగ్రీలే. అయినా బొంత వెచ్చగా, టైలు చల్లగా ఎందుకు తగులుతాయి? మన పాదం కొలిచేది గచ్చు వేడిని కాదు, తన వేడి ఎంత వేగంగా పోతోందో దాన్ని. టైలు ఆ వేడిని గబగబా లాగేస్తుంది, బట్ట లాగలేదు.

మీరూ చేసి చూడండి. ఒక ఐసు ముక్క స్టీలు పళ్లెంలో, ఇంకోటి చెక్క పీట మీద పెట్టండి. ముట్టుకుంటే చల్లగా ఉండే పళ్లెంలోదే ముందు కరుగుతుంది.

నిప్పుల గుండం రహస్యమూ ఇదే, తిరగేసి. బొగ్గులు వేడిని నెమ్మదిగా ఇస్తాయి, చకచకా నడిచేవాడి కాలు కాలేలోపు గుండం దాటేస్తాడు. విజయవాడ నాస్తిక కేంద్రంవాళ్లు ఏ దేవుడి పేరూ తలవకుండా నిప్పుల మీద నడిచి చూపించారు. అదే గుండంలో ఇనుప రేకు కాల్చి దానిమీద నడవమంటే ఏ భక్తుడూ ముందుకి రాడు.

గచ్చు కింద వేడి కొత్తదేం కాదు. రోమన్లు స్నానశాలల గచ్చు కింద వేడిగాలి పోనిచ్చేవారు. కొరియాలో పొయ్యి వేడిని గచ్చురాళ్ల కింద నడిపించేవారు, దాన్ని ఒండోల్ అంటారు. నెలా రెండు నెలల చలి ఉండే మా ఊరికి అంత అవసరం లేదు. అమ్మ పాతచీరలతో తనే కుట్టుకున్న బొంత మంచం పక్కన పరిచాం, గోల్‌బజార్‌లో ఊలు మేజోళ్లు కొన్నాం.

వెచ్చదనం మోకాళ్లకి హాయినిస్తుంది గానీ అరిగిన కీలుని బాగుచెయ్యదు, ఆ సంగతీ అమ్మకి చెప్పాను. గచ్చు తవ్వడానికి అడిగిన డబ్బులో కొంత ఎముకల డాక్టరుకి, వ్యాయామం నేర్పే ఫిజియోథెరపిస్టుకి వెళ్తోంది. అమ్మ ఈశాన్యానికి దణ్ణం పెట్టడం మానలేదు. దానికి పైసా ఖర్చు లేదు కదా, నేనూ మానమనలేదు.