దిగే దారి ఎటు?

మా గోదావరి జిల్లాల్లో 'వేట మాంసం' అంటే మేకమాంసమే. ఆదివారం పొద్దున్నే సంచీ పట్టుకుని వెళ్లి, కొట్టు ముందు వరసలో నిలబడి, 'కాస్త ఎముక తగ్గించి వెయ్యవయ్యా' అని బతిమాలి ఇంటికి తెచ్చుకోవడం... మాకు తెలిసిన వేట అంతవరకే! అలాంటిది మా అబ్బాయి నిజంగానే మేకను వేటాడతానంటూ నెలల తరబడి లెక్కలు వేస్తుంటే నాకు ముందు నవ్వొచ్చింది. ఆ లెక్కలేమిటో తెలిశాక నవ్వు ఆగిపోయింది.

మావాడు అలాస్కాలోని యాంకరేజ్‌లో ఉంటాడు. వెళ్లి పదమూడేళ్లయింది, పౌరసత్వమూ వచ్చింది. నిరుడు వేసవిలో నేనూ మా ఆవిడా వాళ్లింటికి వెళ్లాం. మన దేశంలో 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట అంటే జైలే. అక్కడ అలా కాదు. లైసెన్సు ఉంటుంది, కాలం ఉంటుంది, ఏ కొండమీద ఎన్నింటికి అనుమతి ఇవ్వాలో లెక్క ఉంటుంది. నవంబరు, డిసెంబరు నెలల్లో దరఖాస్తు పెడితే ఫిబ్రవరిలో లాటరీ తీస్తారు. మావాడికి నాలుగో ఏడు తగిలింది. కొడియాక్ ద్వీపంలో కొండమేకకు పర్మిట్.

దాన్ని మేక అంటారుగానీ అసలు మేక జాతి కాదట. ఒళ్లంతా తెల్లటి జూలు, నల్లటి పొట్టి కొమ్ములు. ఆ ద్వీపంలో మొదట్లో ఇవి లేనేలేవు. 1952, 53 సంవత్సరాల్లో పద్దెనిమిదింటిని తెచ్చి వదిలితే ఇప్పుడు వేలల్లో ఉన్నాయి. అందుకే ప్రభుత్వమే వాటి సంఖ్య మరీ పెరగకుండా వేటకు అనుమతిస్తోంది. పోతుకీ ఆడమేకకీ రెండింటికీ కొమ్ములుంటాయి. ఆడమేక ఆలస్యంగా ఈనుతుంది, మామూలుగా ఒక్క పిల్లనే. కాబట్టి ఆడదాన్ని వదిలెయ్యమని వేటశాఖ పదేపదే చెబుతుంది. కొమ్ము మొదలు లావుగా ఉండి సమంగా వంగితే పోతు. సన్నగా లేచి చివర్లో చటుక్కున వంగితే ఆడది. అర మైలు దూరం నుంచి ఇది గుర్తుపట్టాలి! దానికి ఆన్‌లైన్‌లో పరీక్ష కూడా పెట్టారు. నేను సరదాగా రాశాను. పాసయ్యానా లేదా అని అడక్కండి.

ఇంకో చిత్రం ఉంది. బయటి రాష్ట్రం నుంచి వచ్చిన అమెరికా పౌరుడు అక్కడ కొండమేకను వేటాడాలంటే లైసెన్సున్న గైడైనా వెంట ఉండాలి, లేదా అలాస్కాలో ఉండే దగ్గరి బంధువైనా ఉండాలి. ఎవరు దగ్గరో చట్టంలోనే రాశారు. తండ్రి, కొడుకు, అన్నదమ్ములు, మామగారు, అల్లుడు, బావమరిది... వీళ్లందరూ చెల్లుతారు. మేనమామ మాత్రం చెల్లడు! పెళ్లిలో మేనమామ లేకపోతే పీటలమీద బుట్టే కదలని మనవాళ్లకు ఈ సంగతి చెబితే ఏమంటారో! ఇక నాలాంటి పరదేశికి కన్నకొడుకు పక్కనున్నా కుదరదు, గైడు ఉండి తీరాలి. నాకెలాగూ తుపాకీ పట్టే సరదా లేదు. మా కోడలి తమ్ముడు సియాటెల్ నుంచి వచ్చి మావాడి వెంట వెళ్లేట్టు అనుకున్నారు. 'నేను వేటకు కాదు బావా, మోతకు' అన్నాడతను ఫోనులో.

నేను ముప్ఫయ్యొక్క ఏళ్లు సాగునీటి శాఖలో సర్వే పని చేశాను. అందులో సగం విశాఖ ఏజెన్సీ కొండల్లోనే. అందుకే మావాడు భోజనాల బల్లమీద మ్యాపు పరవగానే నా ప్రాణం లేచొచ్చింది. అంగుళానికి మైలు షీటు! నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా ఆఫీసు బీరువా నిండా అవే ఉండేవి. తర్వాత మనం మెట్రిక్‌లోకి మారిపోయాం. అలాస్కాలో ఆ పాత కొలతే చాలాకాలం నడిచింది. కొత్తవి వచ్చినా మావాడికి అదే అలవాటు.

కొడియాక్‌లో అన్నిటికంటే ఎత్తయిన శిఖరం 4,470 అడుగులు. మన తూర్పు కనుమల్లో అర్మకొండ అంతకంటే వెయ్యి అడుగుల పైచిలుకు ఎత్తు. 'ఇంతేనా!' అన్నాను. కానీ అక్కడ కొండ దాదాపు సముద్రంలోంచే లేస్తుంది. పైగా మావాడి షీటులో ఒక కాంటూరు గీతకీ మరో గీతకీ మధ్య వంద అడుగుల తేడా. ఆ రెండు గీతల మధ్య ఎనభై అడుగుల నిలువు గోడ ఉన్నా మ్యాపులో కనిపించదు. కాగితం మీద అదొక మామూలు వాలు. మీద పడ్డవాడికే తెలుస్తుంది అది గోడని.

ద్వీపంలో రోడ్లున్నది ఒక మూలే. మిగతా చోటికి నీటిమీద దిగే చిన్న విమానమే గతి. వేటగాళ్లను హెలికాప్టరులో దింపడం చట్టం ఒప్పుకోదు. విమానం దిగిన రోజున వేటాడకూడదు. మర్నాడు తెల్లవారుజామున మూడు గంటలు దాటాలి. గాల్లోంచి చూసి, దిగి కాల్చేస్తారని ఆ నిబంధన. మంచిదే పెట్టారు. స్టవ్వు గ్యాసు డబ్బాలు, ఎలుగుల మీద కొట్టే కారం స్ప్రే యాంకరేజ్ నుంచి ప్రయాణికుల విమానంలో తీసుకెళ్లనివ్వరు కాబట్టి కొడియాక్ ఊళ్లోనే కొనుక్కోవాలి. అక్కడ సుమారు మూడున్నర వేల గోధుమరంగు ఎలుగులున్నాయి మరి! చిన్న విమానంలో సామానే కాదు, మనుషుల్నీ తూకం వేస్తారు. తిరిగి వచ్చేటప్పుడు మేక బరువు కూడా కలుస్తుందని పైలట్‌కు ముందే చెప్పుకోవాలి.

మావాడు ఒక సరస్సు దగ్గర దిగి, పక్కనున్న లోయగుండా నేరుగా మేకలుండే గట్టుమీదికి ఎక్కాలని ఎర్రటి పెన్సిలు గీత గీశాడు. రెండు మైళ్లు. గూగుల్ ఎర్త్‌లో కూడా చూపించాడు. సన్నటి తెల్లచార, అంటే వేసవిలోనూ మంచు కరగని ఇరుకు గాడి.

"ఎక్కే దారి చూపించావు. దిగే దారి ఎటురా?" అన్నాను.

"అదే దారి నాన్నా."

"దిగేటప్పుడు నీ వీపుమీద ఏముంటుంది?"

వాడు లెక్క చెప్పాడు. ముదురు పోతు 250 పౌండ్ల పైమాటే. ఎముకలు తీసేసినా మాంసం, తోలు, తల కలిపి 120 పౌండ్లు దాటొచ్చు. అంటే మన పాతిక కిలోల బియ్యం బస్తాలు రెండు, ఆపైన ఇంకాస్త. తినదగ్గ మాంసం అడవిలో వదిలి రావడం అక్కడ నేరం. కొమ్ములు ముందు తెచ్చేసి మాంసం సంగతి తర్వాత చూద్దాంలే అంటే ఒప్పుకోరు. ఇది కాక గుడారం, తుపాకీ, తిండి.

ఏజెన్సీలో మా థియోడలైట్ పెట్టె మోసే కూలీలను చూసేవాణ్ని. ఉత్త చేతులతో అయితే కోతుల్లా ఎక్కడైనా ఎక్కేవారు. నెత్తిన పెట్టె ఉంటే మాత్రం ఎంత తొందరపెట్టినా చుట్టుదారే పట్టేవారు. ఎక్కేటప్పుడు రాయి కంటికెదురుగా ఉంటుంది, చేత్తో పట్టుకుంటాం. దిగేటప్పుడు పాదం ఎక్కడ పడుతోందో కనబడదు, వెనకనుంచి బరువు తోస్తుంది. అదే చెప్పాను. గట్టు వెంబడి ఐదున్నర మైళ్ల చుట్టుదారి చూపించాను. గీతలు ఎడంగా ఉన్న దారి అదొక్కటే.

"దానికి ఒక రోజంతా పోతుంది. రానూపోనూ రెండు రోజులు. నాలుగేళ్లు ఎదురుచూశాను నాన్నా," అన్నాడు. గొంతులో కోపం ఉంది. మా ఆవిడ ప్లేట్లు తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. నేనూ ఇంక మాట్లాడలేదు. నలభై ఏళ్లు దాటిన కొడుకుతో ఎంతవరకు వాదించగలం?

ఆ రాత్రి మా కోడలు వాణ్ని ఒకటే అడిగిందట. "ఆ గాడిలో ఎవరికైనా కాలు విరిగితే, మంచు పట్టేస్తే, మిమ్మల్ని తేవడానికి ఎవరొస్తారు?" అని. వాడు జవాబు చెప్పలేదట. తెల్లారి లేచేసరికి బల్లమీద మ్యాపు ముందు వాడే కూర్చుని ఉన్నాడు. గాడిలోంచి గీసిన గీత రబ్బరుతో చెరిపేసి ఉంది.

అప్పట్నుంచి నెలరోజులు ఇద్దరం సర్వే పార్టీలా కూర్చున్నాం. పంతొమ్మిదో శతాబ్దపు చివర్లో నైస్మిత్ అనే స్కాట్లండు ఆయన చెప్పిన లెక్క ఒకటుంది. మూడు మైళ్లకు గంట, రెండు వేల అడుగుల ఎత్తుకు మరో గంట. దాన్నిబట్టి మొదలుపెట్టి, కొడియాక్‌కు తగ్గట్టు పెంచుకుంటూ పోయాం. కింద ఆల్డరు పొదలున్నాయి. మంచు బరువుకు వాటి కొమ్మలు పల్లంవైపు వాలిపోయి పెరుగుతాయి. ఎక్కేవాడికి అవి ఎదురుబల్లేలే. అందులో గంటకు అర మైలు నడిస్తే గొప్ప. కాబట్టి పొదలు తక్కువున్న చోట్లన్నీ ఉపగ్రహ ఫొటోల్లో వెతికి, అక్కడక్కడా దారి వంచాం. సరస్సు దగ్గర ఒక మకాం, గట్టు భుజంమీద తేలికపాటి రెండో మకాం. మాంసం సంచులు గుడారానికి దూరంగా, ఎలుగు వస్తే దూరంనుంచే కనబడే చోట పెట్టాలని గుర్తు.

కొండమేకకు అపాయం కిందినుంచి వస్తుందని అలవాటు, కాబట్టి పైనుంచి వెళ్లాలట. చుట్టుదారికి అదొక్కటి కలిసొచ్చింది. ఇక అసలు సంగతి, దెబ్బ తిన్న మేక నిలబడ్డ చోటే పడదు. అంచున ఉంటే దూకేస్తుంది, దొర్లిపోతుంది. అందుకని గాడివైపు వాలంతా ఎర్ర పెన్సిలుతో నింపేశాడు మావాడు. అక్కడ ఎంత పెద్ద పోతు కనబడినా ట్రిగ్గరు నొక్కకూడదు. 'నేను మాట తప్పితే నువ్వు ఆపాలి' అని బావమరిదితో ఒట్టు వేయించుకున్నాడు.

తిండి దగ్గర మా ఆవిడ రంగంలోకి దిగింది. మావాడు ప్రతి పొట్లాన్నీ త్రాసులో పెట్టి, గ్రాముకు ఎన్ని కేలరీలో రాసుకుంటున్నాడు. ఆవిడ సున్నుండలు చేసి ఇస్తే ముందు 'వద్దమ్మా, బరువు' అన్నాడు. నెయ్యి, మినుములు, బెల్లం లెక్కగట్టి చూస్తే వాడు కొన్న ఖరీదైన బార్లకంటే అవే నయమని తేలింది! మా ఆవిడ ముఖం చూడాలి అప్పుడు. విమానం రాకపోతే పనికొస్తుందని మూడు రోజుల తిండి అదనంగా కట్టించాను. అది మోయక్కర్లేదు, సరస్సు దగ్గరే ఉంటుంది.

సెప్టెంబరులో వెళ్లారు. మొదటి రోజే పొగమంచు, కొడియాక్ ఊళ్లోనే ఆగిపోయారు. తర్వాత ఉపగ్రహం ద్వారా పంపే రెండేసి ముక్కల మెసేజులే మాకు ఆధారం. బల్లమీద మ్యాపు నకలు పరిచి, మెసేజు వచ్చినప్పుడల్లా బఠాణీ గింజ జరుపుతూ కూర్చున్నాం ముగ్గురం.

నాలుగో రోజు సాయంత్రం: 'పెద్ద పోతు. ఎర్ర గీత లోపలే నిలబడింది.' అంతే, తర్వాత ఏమీ లేదు. మా కోడలు ఫోను చేతిలోంచి దించలేదు. మా ఆవిడ దేవుడి గదిలోకి రెండుసార్లు వెళ్లొచ్చింది. రాత్రి తొమ్మిదిన్నరకు వచ్చింది: 'వదిలేశాం. గుడారంలో ఉన్నాం. ఆకలి.'

ఆరో రోజున ఇంకోటి దొరికింది. ఇంత పెద్దది కాదు, కానీ చదును నేలమీద పడింది. ఇద్దరూ సరస్సుకు రెండు మోతలు మోశారు. తెల్లారి ఒకటి, మర్నాడు ఒకటి. రెండో మోతలో ఒక్కచోట మావాడి బావమరిది కాలు జారి కూలబడ్డాడట. గడ్డిలో కాబట్టి లేచి నడిచాడు. వాళ్లు కిందికి చేరాక గాలి పట్టుకుంది. విమానం రెండు రోజులు ఆలస్యం. చివరి పూట ఇద్దరూ తలా మూడు సున్నుండలతో గడిపారని తర్వాత తెలిసింది.

ఇంటికి తెచ్చిన మాంసం మా ఆవిడ అల్లం, వెల్లుల్లి, గసగసాలు వేసి వండింది. ముదురు పోతు కదా, కుక్కరు పదకొండు కూతలు కూసినా మెత్తబడలేదు. 'మన సంతలోదే నయం' అంటూనే అందరికీ రెండోసారి వడ్డించింది.

మావాడు మళ్లీ దరఖాస్తు పెట్టాడు. ఈసారి వేరే కొండ. పర్మిట్ వస్తుందో రాదో గానీ షీటు మాత్రం అప్పుడే వాట్సాప్‌లో పంపాడు. ఉత్తరం వైపు గీతలు మరీ దగ్గరగా ఉన్నాయి. భూతద్దం పెట్టుకుని తూర్పు గట్టు చూస్తున్నాను.